తాళం వేసిన చప్పుడు

మన భాషలో తాళానికి చెవి వుంది. తాళపుచెవి అని మొదట ఎవరన్నారో గాని, భలే మాట. చెవిలో రహస్యం చెప్పినట్టు దాన్ని తిప్పితేనే తాళం మనమాట వింటుంది. మన తాతలు వాడిన తాళాలన్నీ ఇలా వినే తాళాలే. ఇప్పుడు కంప్యూటర్లలో వచ్చిన కొత్త తాళాలకు చెవి ఒక్కటే చాలదు. నోరు కూడా వుండాలి. మనం తలుపు తట్టగానే అది ముందుగా "ఎవరు మీరు? మీ పేరేమిటి? గుర్తుమాట ఏమిటి?" అని అడగాలి. అడిగితేనే తాళం వున్నట్టు. అడగలేదంటే తలుపు బార్లా తెరిచి వుందన్నమాట.

ఈ వారం నేను చెప్పబోయేది అట్లా నోరు పడిపోయిన ఒక తాళం సంగతి. తెలుగు మాస్టారికి కంప్యూటరు గొడవలెందుకని మీరు నవ్వుకోవచ్చు. కళాశాలల్లో ఒక ఆచారం వుంది. ఏ పనికీ మనిషి దొరకనప్పుడు తెలుగు శాఖ దొరుకుతుంది. సన్మానపత్రం రాయాలన్నా, మంత్రిగారికి స్వాగతం పలకాలన్నా, గోడమీద సూక్తి రాయించాలన్నా మేమే. అదే వరసలో వెబ్‌సైటు కూడా వచ్చి చేరింది. "రెండు భాషల్లోనూ అచ్చుతప్పులు లేకుండా చూడగలవారు మీరే గదా" అని మా ప్రిన్సిపాల్‌గారు ఉత్తర్వు చేతికిచ్చారు. ఆవిడది రసాయనశాస్త్రం. తక్కువ మాటలతో ఎక్కువ పని జరిపించడం ఆవిడకు బాగా తెలుసు.

మాది గోదావరి జిల్లాలలో ఒక ఆడపిల్లల డిగ్రీ కళాశాల. వెబ్‌సైటు అనేది ఒక ఇల్లనుకోండి. అందులో డైరెక్టరీలనేవి గదులు. ముందుగదిలో ప్రకటనలు, పరీక్ష తేదీలు, వార్షికోత్సవం ఫోటోలు వుంటాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. వెనక ఒక గది వుంది. అందులో స్కాలర్‌షిప్పుకు పిల్లలు పెట్టుకున్న దరఖాస్తులు, స్కాన్ చేసినవి, వున్నాయి. ఫోటో, ఇంటి చిరునామా, ఫోను నంబరు, తండ్రి ఆదాయం, కులధ్రువీకరణ, ఆధారు నకలు, అన్నీ అందులోనే. ఆ గదికి పాస్‌వర్డ్ పెట్టించామని కార్యాలయంలో అందరికీ గట్టి నమ్మకం.

ఉత్తర్వు వచ్చిన పదో రోజున ఒక పెద్దమనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. బస్సు డిపోలో మెకానిక్కు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారండీ, మా అమ్మాయి కాగితాలు మీవాళ్ళు తాళంలో పెట్టారన్నారు. ఇదిగోనండి, నా ఫోనులో వున్నాయి" అని ఫోను చేతికిచ్చారు.

చూశాను. ఆ పిల్ల దరఖాస్తు. మూలన ఆ పిల్ల ఫోటో, కింద ఫోను నంబరు. హైదరాబాదులో వున్న మేనల్లుడు గూగుల్‌లో ఆ అమ్మాయి పేరూ, ఊరి పేరూ కలిపి కొడితే ఇది వచ్చిందట.

"పదిహేను రోజులనించీ ఎవడో ఫోన్లు చేస్తున్నాడండి. దాని పేరు తెలుసు. ఊరు తెలుసు. నా పేరు కూడా తెలుసు. నంబరు ఎవరికిచ్చావే అని ఇంట్లో అందరం దాన్నే అడిగామండి. నేను చెయ్యి కూడా చేసుకున్నానండి" అని ఒక్క క్షణం ఆగారు. "అది ఎవరికీ ఇవ్వలేదండి. ఇంక చదువు వద్దు లెండి. టీసీ ఇప్పించేయండి."

ఆ ఫోన్లు చేసేవాడికి నంబరు ఇక్కడినుంచే దొరికిందో, మరెక్కడ దొరికిందో నేను చెప్పలేను. దొరకడానికి దారి మాత్రం ఇక్కడ తెరిచి వుంది. అది చాలదా? ఏ తప్పూ చేయని పిల్ల కన్నతండ్రి చేతి దెబ్బ తిన్నది. చదువు ఆగిపోయే స్థితికి వచ్చింది. ఒక గది గడియ ఊడినందుకు ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు.

నేను ఆయనను వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాను. సూపరింటెండెంటుగారు నొచ్చుకున్నారు. "లేదండీ, పాస్‌వర్డ్ వుంది. రెండేళ్ళనాడే కంట్రాక్టరు చేత పెట్టించాం" అని తన కంప్యూటర్లో ఆ గది తెరిచారు. తెరుచుకుంది. ఏమీ అడగలేదు.

"అడగలేదేమండీ?" అన్నాను.

"ఇది నా మిషనే గదండీ. రోజూ తెరుస్తాను. నన్ను గుర్తుపడుతుంది" అన్నారు ఆయన, ఎంతో నిశ్చింతగా.

ప్రిన్సిపాల్‌గారి గదిలోనూ ఇదే కథ. గుమాస్తా దగ్గరా ఇదే మాట. తలుపు అడగకుండా తెరుచుకుంటూ వుంటే, తమను గుర్తుపట్టిందని ప్రతివారూ మురిసిపోయారు. తలుపు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. అందరికీ తెరుచుకుంటున్నది. వీళ్ళ పొరపాటు వట్టి అమాయకత్వం కాదు, అందుకు కొంత ఆధారం కూడా వుంది. ఒకసారి సరైన గుర్తుమాట చెప్పిన తరవాత, ఆ కిటికీ మూసేదాకా బ్రౌజరు దాన్ని జ్ఞాపకం వుంచుకుని, మనకు తెలియకుండానే మళ్ళీ మళ్ళీ చెబుతూ వుంటుంది. కాబట్టి తాళం సరిగా వున్నప్పుడూ లోపలివాళ్ళకు తలుపు సులువుగానే తెరుచుకుంటుంది, తాళం ఊడినప్పుడూ సులువుగానే తెరుచుకుంటుంది. లోపలివాడికి రెండిటికీ తేడా తెలియదు.

మా ల్యాబులో పనిచేసే కుర్రాడిని పిలిపించాను. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. తన ఫోనులో కళాశాల వైఫై ఆపేశాడు. ఇన్‌కాగ్నిటో అనే కొత్త కిటికీ తెరిచాడు. అంటే పాత జ్ఞాపకాలేవీ లేని కిటికీ. అందులో ఆ గది చిరునామా కొట్టాడు. గది తెరుచుకుంది. ఆపైన "సార్, ఇంకొకటి చూడండి" అని గుర్తుమాటలు దాచిన దస్త్రం పేరు కొట్టాడు. అదీ తెరుచుకుంది. గడియతోపాటు తాళపుచెవుల గుత్తి కూడా వీధి అరుగుమీద వుందన్నమాట.

ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఈ తాళం ఎట్లా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. భయపడకండి, ఇందులో లెక్కలు లేవు.

సైటు వున్న యంత్రంలో సర్వరు అనే కాపలాదారు ఒకడు వుంటాడు. ఎక్కువ కాలంగా పేరుపడ్డ కాపలాదారు అపాచీ. 1995లో పుట్టాడు. అతనికి ఒక మంచి అలవాటు వుంది. యజమాని అనుమతిస్తే, ప్రతి గది తలుపు దగ్గరా అంటించిన చీటీని చదివి, దాని ప్రకారం నడుచుకుంటాడు. ఆ చీటీ పేరు 'డాట్ హెచ్‌టీయాక్సెస్'. తాళం వెయ్యాలంటే దానిలో నాలుగు వాక్యాలు చాలు. ఆథ్‌టైప్: ఏ పద్ధతిలో అడగాలి. ఆథ్‌నేమ్: ఏ గది అని పేరు చెప్పాలి. ఆథ్‌యూజర్‌ఫైల్: గుర్తుమాటల పుస్తకం ఎక్కడ వుంది. రిక్వైర్ వ్యాలిడ్-యూజర్: పుస్తకంలో పేరున్నవాళ్ళనే రానివ్వు. గుర్తుమాటల పుస్తకం పేరు 'డాట్ హెచ్‌టీపాస్‌వర్డ్' అని వాడుక. అందులో గుర్తుమాట ఉన్నదున్నట్టుగా వుండదు. తిరిగి విప్పడం కష్టమయ్యేట్టు గిలకరించి రాస్తారు.

మనం తలుపు తట్టగానే కాపలాదారు 401 అనే అంకె చెబుతాడు. "నువ్వెవరో నాకు తెలియదు" అని దాని అర్థం. అది వినగానే బ్రౌజరు మన ముందు చిన్న పెట్టె తెరిచి, పేరూ గుర్తుమాటా అడుగుతుంది. మనం రాసినది తీసుకుపోయి కాపలాదారుకు చూపుతుంది. అతను పుస్తకంలో సరిచూసుకుంటాడు. కుదిరితే రానిస్తాడు, కుదరకపోతే మళ్ళీ 401. ఇంతే సంగతి.

మా కళాశాలకు కంట్రాక్టరు పెట్టిన తాళం సక్రమమైనదే. చీటీలో నాలుగు వాక్యాలూ వున్నాయి. ఏడాది తరవాత ఖర్చు కలిసివస్తుందని సైటును వేరే యంత్రానికి మార్చారు. అక్కడి కాపలాదారు ఎంజినెక్స్. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజనీరు తయారుచేయగా 2004లో బయటికి వచ్చాడు. మహా చురుకైనవాడు. కాని తలుపుల మీద చీటీలు చదివే అలవాటు అతనికి లేదు. యజమాని పెద్ద పుస్తకంలో రాసిన ఆజ్ఞలు మాత్రమే పాటిస్తాడు. సామాను మార్చినప్పుడు చీటీ కూడా సామానుతోపాటే వచ్చింది. తలుపుకు అట్లాగే అంటుకుని వుంది. చదివే దిక్కు లేదు. అపాచీ అయితే హెచ్‌టీ అని మొదలయ్యే ఆ చుక్క దస్త్రాలను పరాయివాళ్ళకు చూపించవద్దన్న నిబంధనతోనే మామూలుగా వస్తాడు. ఇతనికి ఆ నిబంధన మనమే చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. పైగా కార్యాలయం సౌకర్యం కోసం గదిలో వున్న జాబితాకు ముందుగదినుంచి ఎవరో లంకె పెట్టారు. ఆ లంకె పట్టుకుని గూగుల్ వారి సంచారకుడు లోపలికి వచ్చి, చూసినదంతా రాసుకుపోయాడు. అతనిది తప్పనడానికి లేదు. తెరిచివున్న తలుపులో నడిచాడు.

ఇటువంటి తాళాలు ఎన్ని విధాల చెడతాయో ఆ సాయంత్రం మా కుర్రాడు చెబుతూ వుంటే, వ్యాకరణం నోట్సు రాసుకున్నట్టు నేను రాసుకున్నాను. మీ ఇళ్ళల్లో కంప్యూటరు చదివే పిల్లలుంటే వాళ్ళకు చూపించండి. పనికివస్తుంది.

మొదటి లక్షణం: తాళం అసలు అడగనే అడగదు. అంటే చీటీని ఎవరూ చదవడం లేదు. కారణాలు నాలుగు. ఒకటి, కాపలాదారు చీటీలు చదివే జాతి కాదు. రెండు, అపాచీయే అయినా యజమాని పెద్ద పుస్తకంలో 'అలౌఓవర్‌రైడ్ నన్' అని రాసి వుంచాడు. చీటీలు లెక్కచేయవద్దని దాని అర్థం. తాళం పనిచెయ్యాలంటే అక్కడ కనీసం 'ఆథ్‌కాన్ఫిగ్' అని వుండాలి. మూడు, చీటీ పేరు తప్పింది. నోట్‌ప్యాడ్‌లో రాసి దాచినప్పుడు చివర 'డాట్ టీఎక్స్‌టీ' అనే తోక మనకు కనిపించకుండా చేరుతుంది. నాలుగు, చీటీ పక్క గదికి అంటించారు. వీటిలో ఏదో తేల్చుకోవడానికి ఒక చక్కని ఉపాయం వుంది. చీటీలో మొదటి వరసన అర్థంలేని మాట ఒకటి రాసి, గది తెరవండి. 500 అనే తప్పు వస్తే కాపలాదారు చీటీ చదువుతున్నాడు, అర్థంకాక కేక పెట్టాడు. ఏమీ జరగనట్టు గది తెరుచుకుంటే, చదవడం లేదు. తేల్చుకున్నాక ఆ పిచ్చిమాట చెరిపెయ్యడం మరిచిపోకండి.

రెండో లక్షణం: అడగకుండానే 500 వస్తుంది. చీటీలో భాషాదోషం వున్నదన్నమాట. ఇది మా శాఖ వ్యవహారమే. గదికి రెండు మూడు మాటల పేరు పెట్టి, దానికి ఉద్ధరణ చిహ్నాలు పెట్టకపోతే తప్పు. పెట్టినా, వర్డులోనుంచి నకలు తీసిన వంకర చిహ్నాలైతే అదీ తప్పే. నిలువు చిహ్నాలే పనికివస్తాయి. ఒక కొమ్ము వంకర తిరిగినందుకు మార్కులు తగ్గించే పరీక్షకుణ్ణి నేను మొదటిసారి చూశాను.

మూడో లక్షణం: అడుగుతుంది, గుర్తుమాట చెప్పగానే 500 అంటుంది. చీటీ బాగానే వుంది, గుర్తుమాటల పుస్తకం దొరకలేదు. పుస్తకం వున్న చోటును వెబ్ చిరునామాగా చెబితే కాపలాదారుకు అర్థంకాదు. యంత్రంలోపల అది వున్న అసలు దారి, మొదటినుంచి చివరిదాకా, చెప్పాలి. దారి సరిగానే చెప్పినా, పుస్తకం చదివే అనుమతి కాపలాదారుకు లేకపోతే మళ్ళీ ఇదే తప్పు. కాపలాదారు తన తప్పులన్నీ ఎర్రర్ లాగ్ అనే డైరీలో రాసుకుంటాడు. పుస్తకం తెరవలేకపోయానని అందులో స్పష్టంగా రాసి వుంటుంది. ఆ డైరీ చూడకుండా ఊహలతో వైద్యం చేయడం నాడి చూడకుండా మందివ్వడం లాంటిది.

నాలుగో లక్షణం: సరైన గుర్తుమాట చెప్పినా మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. పుస్తకంలో మన పేరు లేదు. దీనికి మామూలు కారణం 'హెచ్‌టీపాస్‌వర్డ్' అనే పనిముట్టుతో కొత్తవారి పేరు చేర్చేటప్పుడు 'సీ' అనే అక్షరం జతచేయడం. 'సీ' అంటే కొత్త పుస్తకం ప్రారంభించమని. పాత పుస్తకం అక్కడ వుంటే చెరిపేసి మరీ ప్రారంభిస్తుంది. కొత్త గుమాస్తాగారికి తలుపు తెరుచుకుంటుంది, పాతవాళ్ళందరూ వీధిలో నిలబడతారు.

ఐదో లక్షణం: వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్లలో కనిపిస్తుంది. గదికి తాళం వెయ్యగానే 404, అంటే "అట్లాంటి గదే లేదు" అని వస్తుంది. 401 చెప్పడానికి వేరే పుట ఒకటి కేటాయించి వుండి, ఆ పుట అక్కడ లేకపోతే, వర్డ్‌ప్రెస్ మధ్యలో దూరి తనకు తెలిసిన జవాబు చెబుతుంది. 401 పుటను మామూలు పద్ధతికి మార్చమని చీటీలో ఒక్క వాక్యం చేరిస్తే కుదురుతుంది.

ఇవిగాక బయటికి ఏ లక్షణమూ కనిపించని జబ్బులు రెండున్నాయి. పాత పద్ధతి గిలకరింపులో గుర్తుమాట మొదటి 8 అక్షరాలే లెక్క. ఇంగ్లీషు అక్షరాలతో 'వెంకటరమణ1972' అని పెట్టుకుని మనం పొంగిపోతాం. 'వెంకటర్' వరకు రాసినవాడికల్లా తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు బీక్రిప్ట్ అనే మంచి పద్ధతి వుంది, దానినే కోరుకోవాలి. రెండోది, ఈ తాళం మన గుర్తుమాటను బ్రౌజరునుంచి కాపలాదారుకు దాదాపు విప్పిచెప్పినట్టే పంపుతుంది. చూడడానికి వేరే అక్షరాలుగా కనిపించినా, ఎవరైనా క్షణంలో మార్చి చదువుకోవచ్చు. పోస్టుకార్డు మీద రాసినట్టే. అందుచేత సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుకాకపోతే ఈ తాళం వెయ్యకండి. చివరి 'ఎస్' వుంటేనే దారి పొడుగునా కవరు అంటించి వుంటుంది.

స్టాఫ్‌రూములో ఒకరు "ఇంత తతంగం ఎందుకు? రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీలో ఈ గదికి రావద్దని రాస్తే సరిపోదా?" అన్నారు. అది 1994లో పుట్టిన ఒక మర్యాద. సంచారకులకు మనం పెట్టే బోర్డు. మర్యాదస్థులు పాటిస్తారు. మర్యాద లేనివాడికి మాత్రం "ఇదిగో, దాచుకున్న గది ఇక్కడుంది" అని చూపించే వేలు అవుతుంది. బోర్డు తాళం కాదు.

పెద్దల ఇంట్లో కూడా ఈ ప్రమాదాలు తప్పలేదు. కంప్యూటర్లకు గుర్తుమాట పెట్టడం మొదలుపెట్టినవారిలో ముందువరస మనిషి ఫెర్నాండో కోర్బటో. అమెరికాలో ఎంఐటీలో 1961లో ఆయన బృందం ఒకే యంత్రాన్ని అనేకమంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి దస్త్రాలు వారికి వుండేందుకు గుర్తుమాటలు పెట్టారు. ఆ యంత్రంలోనే 1960ల నడుమ ఒకరోజు, ప్రవేశించగానే కనిపించవలసిన స్వాగతవాక్యం స్థానంలో, అందరి గుర్తుమాటల పట్టికా ప్రతివారికీ ప్రత్యక్షమైంది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు దస్త్రాలు దిద్దబోతే, అవి ఒకదాని చోటికి ఒకటి మారిపోయాయి. 1990 సంవత్సరానికి ట్యూరింగ్ బహుమతి అందుకున్న కోర్బటో, ఆ సందర్భంగా చేసిన ఉపన్యాసంలో ఈ కథను దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

ఆ నిజాయితీ అవసరం మాకూ వచ్చింది. ఆ రాత్రికే ఆ గదిని సైటులోనుంచి పూర్తిగా తీసేశారు. తరవాత ఎంజినెక్స్ పుస్తకంలో పద్ధతిగా ఆజ్ఞలు రాయించి, గుర్తుమాటలన్నీ మార్చి, వాటి పుస్తకాన్ని సైటు గోడలకు బయట పెట్టించారు. గూగుల్ పట్టికలోనుంచి తీసివేయమని అర్జీ పెట్టారు. ఆ అర్జీ ఫలితం సుమారు ఆరు నెలలే వుంటుంది, ఈలోగా అసలు తాళం గట్టిగా వుంటేనే ఉపయోగం. ఇదంతా అయ్యాక స్టాఫ్ సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. "మూసేశాం గదా, ఇక చాటింపెందుకు? కళాశాల పేరు పోతుంది" అన్నారు కొందరు. వారిలో చెడ్డవారెవరూ లేరు. భయపడ్డారు, అంతే.

ప్రిన్సిపాల్‌గారు అందరినీ చెప్పనిచ్చి, చివరకు ఇలా అన్నారు: "ఆ పిల్లల్లో ఇంకెంతమందికి ఫోన్లు వస్తున్నాయో మనకు తెలుసా? ఎన్ని ఇళ్ళల్లో పిల్లనే అనుమానిస్తున్నారో తెలుసా? మన పేరు నిలబెట్టడానికి వాళ్ళ పేరు పోనిస్తామా?" ఎవరూ మాట్లాడలేదు. దరఖాస్తు పెట్టిన ప్రతి పిల్ల ఇంటికీ ఉత్తరం వెళ్ళింది. ఏం బయటపడిందో, ఎంతకాలం తెరిచివుందో, పిల్లల తప్పు ఏమీ లేదని, ఫోన్లు వస్తే ఎవరికి చెప్పాలో అందులో వుంది. తెలుగులో రాసింది నేనే. నా ఉద్యోగంలో రాసిన సన్మానపత్రాలన్నీ కలిపినా ఆ ఒక్క ఉత్తరం చేసిన మేలు చేసి వుండవు. ఎవరి వివరాలు బయటపడ్డాయో వారికి ఆ సంగతి తెలియజేయాలనే సూత్రం 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా వుంది. చట్టం లేకపోయినా అది ధర్మమే.

ఆ మెకానిక్కుగారు టీసీ అర్జీ వెనక్కు తీసుకున్నారు. అమ్మాయి కళాశాలకు వస్తూనే వుంది. ఇంట్లో తండ్రీ కూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో అడిగే హక్కు నాకు లేదు.

ఇదంతా కళాశాలల గొడవ అనుకోకండి. మీ అపార్ట్‌మెంటు సంఘం వారు ఫ్లాటువారీగా పేర్లూ నంబర్లూ ఒక సైటులో పెట్టి వుండవచ్చు. మీ అబ్బాయి పెళ్ళి ఫోటోలు ఫోటోగ్రాఫరు ఒక గదిలో పెట్టి లంకె పంపి వుండవచ్చు. "లంకె తెలిసినవాళ్ళు తప్ప ఎవరొస్తారండీ" అంటారు. ఇల్లు సందులో వుంది గనుక తలుపు వెయ్యనక్కరలేదన్నట్టుంది ఆ మాట. ఎవరైనా ఆధారు నకలు అడిగితే, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధారు సరిపోతుందేమో ముందు అడగండి. గదిలో లేని వస్తువు పోదు గదా.

తాళం వున్నదని ఎవరైనా చెబితే, వారి కంప్యూటర్లో చూడకండి. వేరే ఫోను తీసుకోండి. జ్ఞాపకం లేని కిటికీ తెరవండి. తలుపు తట్టండి. గది ఒక్కటే కాదు, గదిలోని ఒక కాగితం చిరునామా కూడా నేరుగా కొట్టి చూడండి. అడిగిందా, సరే. అడగలేదా, ఆ రోజే కేకవేయండి. సైటును ఒక యంత్రంనుంచి మరో యంత్రానికి మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ చేయండి. తాళం వేసినవాడే పరీక్షించకూడదు. బయటివాడొకడు పరీక్షించాలి.

మా నాయనమ్మ రాత్రిపూట వీధితలుపుకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నాక, తాళాన్ని రెండుసార్లు గుంజి చూసేది. "చప్పుడు విన్నాం గదే" అని తాతయ్య విసుక్కునేవారు. "చప్పుడుకేం, విరిగిన తాళం కూడా చప్పుడు చేస్తుంది" అని మూడోసారి గుంజేది.